అన్నం కాస్త తగ్గించండి, కూర బాగా పెంచండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బెజవాడ, గుంటూరు వైపు నుంచే ఉన్నాయి. అందరూ అటూ ఇటూగా అడిగేది ఒకటే, తిండి ఎలా మార్చుకోవాలి, కాస్త ఒళ్ళు కదిలించడం ఎక్కడ్నుంచి మొదలెట్టాలి అని. డైట్ చార్టులు నేను రాయను, అవి ఏ ఇంట్లోనూ నాలుగు వారాలు నిలబడటం నేను చూళ్ళేదు. మనం రోజూ వండుకునే పప్పూ కూరా చారులోనే ఏం మార్చుకోవచ్చో, రోజూ తిరిగే వీధుల్లోనే ఎంత నడవచ్చో చెప్తా. షుగర్‌కీ బీపీకీ మందులు వాడేవాళ్ళు మాత్రం ఇది చదివి డోసు తగ్గించడం, మానేయడం చెయ్యొద్దు, ఆ విషయం మీ డాక్టర్‌తోనే మాట్లాడుకోవాలి.

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 46 ఏళ్ళు, గుంటూరు బ్రాడీపేటలో బట్టల షాపు ఉంది. పోయిన నెల టెస్టు చేయిస్తే పరగడుపున షుగర్ 112, హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. డాక్టర్ గారు మందులేం రాయలేదు, తిండి కంట్రోల్ చేసుకోండి అన్నారు. అప్పట్నుంచి మా ఆవిడ అన్నం పూర్తిగా ఆపేసింది, పొద్దున ఓట్స్, రాత్రి నాలుగు చపాతీలు. నాకు తిన్నట్టే ఉండట్లేదు, పదకొండింటికల్లా ఆకలేసి పక్కన బండి మీద మిరపకాయ బజ్జీలు తినేస్తున్నా. ఇంక జన్మలో అన్నం తినకూడదా?

జవాబు: అన్నగారూ, ముందు ఆ భయం తీసేయండి. పరగడుపున 100 నుంచి 125 మధ్య, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్ అంటారు, అంటే షుగర్ ఇంకా రాలేదు, వచ్చే దారిలో ఉంది. ఇక్కడ్నుంచి వెనక్కి తిరిగి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. మీరు కంగారు పడాల్సింది అన్నం గురించి కాదు, మన భోజనం సాగే పద్ధతి గురించి.

ఒకసారి గుర్తు చేసుకోండి, మధ్యాహ్నం మనం ఎలా తింటాం? ముందు పప్పులో నెయ్యేసుకుని కాస్త అన్నం. తర్వాత కూర, అదీ రెండు చెంచాల దొండకాయ వేపుడు పెట్టుకుని దానికి మళ్ళీ అన్నం. తర్వాత గోంగూర పచ్చడి, దానికో రెండు ముద్దలు. తర్వాత చారు, అది జారిపోతుంది కదా అని ఇంకో గరిటెడు. ఆఖర్న పెరుగు. ప్రతిసారీ అన్నం కొత్తగా పెట్టించుకుంటాం, కూర మాత్రం మొదట పెట్టిందే. మొత్తం లెక్కేస్తే అన్నం నాలుగు కప్పులు దాటుతుంది, కూర అరకప్పు కూడా ఉండదు. అసలు సంగతి అదీ. దీన్ని తిరగేస్తే చాలు, అన్నం మానక్కర్లేదు.

కాబట్టి ఇలా చేయండి. అన్నం మొత్తం ఒకేసారి పెట్టించుకోండి, మామూలు కప్పుతో కొలిచి కప్పున్నర. పప్పుకీ కూరకీ పెరుగుకీ అందులోంచే పంచుకోవాలి, మళ్ళీ గిన్నె వైపు చెయ్యి వెళ్ళకూడదు. కూర మాత్రం కంచంలో సగం ఉండాలి, ఇది నేను ఊరికే అనట్లేదు, నిజంగా సగం. పప్పు గట్టిగా వండించుకుని పెద్ద గరిటెడు వేసుకోండి. మొదటి నాలుగైదు ముద్దలు ఉత్త కూర, లేదంటే కీరాదోసకాయ ముక్కలు తినేసి అప్పుడు అన్నంలోకి రండి, అలా తింటే రక్తంలో షుగర్ ఒక్కసారిగా పైకి లేవదు. పీచూ ప్రొటీనూ ముందు లోపలికెళ్తే అన్నం అరిగే వేగం తగ్గుతుంది, అందుకని.

కూర పెంచమన్నా కదా అని వేపుళ్ళు పెంచితే నూనె పెరిగిపోతుంది, అది ఇంకో బాధ. దొండకాయైనా బెండకాయైనా సొరకాయైనా తాలింపులో రెండు చెంచాల నూనె వేసి, ముక్కలు వేసి, కాస్త ఉప్పు చల్లి మూత పెట్టి ఆ మూతలో కాసిని నీళ్ళు పోసి సన్నసెగ మీద వదిలేయమనండి. ముక్క తన నీళ్ళతోనే మగ్గిపోతుంది, అడుగంటదు, చివర్లో మూత తీసి ఓ ఐదు నిమిషాలు వేపితే వేపుడు రుచి కూడా వచ్చేస్తుంది. మన అమ్మమ్మలు వండింది ఇలాగే, నాన్‌స్టిక్ పెనాలు లేని రోజుల్లోనే. నెలకి మీ ఇంటికి నూనె ఎన్ని ప్యాకెట్లు వస్తుందో చూసి ఇంట్లోవాళ్ళ సంఖ్యతో భాగించండి, మనిషికి అరకిలోకి కాస్త అటూ ఇటూగా ఉంటే మంచిదే, కిలో దాటితే మాత్రం తగ్గించాల్సిందే.

ఇక చపాతీల మాట. మీ ఆవిడ గారు మీ మీద ప్రేమతోనే చేస్తున్నారు, కానీ రెండు మామూలు సైజు చపాతీలూ ఒక కప్పు అన్నమూ పిండిపదార్థం లెక్కలో పెద్ద తేడా ఉండవు. నాలుగు చపాతీలు తింటే రెండు కప్పుల అన్నం తిన్నట్టే లెక్క. గోధుమలో పీచు కాస్త ఎక్కువ, నిజమే, కానీ ఎన్ని తింటున్నాం అన్నదే ముఖ్యం. ఓట్స్ ఇష్టం లేకపోతే మానేయండి, పెసరట్టు తినండి. పొట్టు పెసలు నానబెట్టి రుబ్బిన పెసరట్టు రెండు తింటే ప్రొటీనూ పీచూ రెండూ వస్తాయి, పదకొండింటికి ఆకలి కూడా వేయదు. ఉప్మా లోపల పెట్టకండి చాలు.

బియ్యం సంగతి కూడా చెప్తా. మనవైపు అందరం తినే సన్నబియ్యం బీపీటీ 5204, బాపట్ల పరిశోధన కేంద్రంలో పుట్టిన రకం, సాంబా మసూరి అంటారు. దాన్నే తీసుకుని హైదరాబాద్ సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్ళూ వరి పరిశోధన సంస్థ వాళ్ళూ కలిసి ఎండాకు తెగులు తట్టుకునేలా మెరుగుపరిచి 2008లో విడుదల చేశారు, ఆర్‌పీ బయో 226 అని పేరు. తెగులు కోసం చేసిన ఆ రకానికి గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నాక షుగర్ ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె) కూడా తక్కువని తర్వాత తేలింది, 51 దగ్గర. దొరికితే అది వాడండి, లేదంటే ఒక్క పట్టు పట్టిన, అంటే ఒక్కసారే పాలిష్ చేసిన బియ్యం వాడండి. ఏదైనా సరే అన్నం కప్పున్నర దాటకూడదు, మంచి బియ్యం కదా అని రెండు కప్పులు తింటే లాభం పోతుంది.

బజ్జీల బదులు షాపులో ఉడకబెట్టిన శనగలో వేరుశనక్కాయలో డబ్బాలో పెట్టుకోండి. మధ్యాహ్నం తిన్నాక వెంటనే స్టూలు మీద కూర్చోకుండా పది పదిహేను నిమిషాలు నడవండి, రాత్రి భోజనం అయ్యాక కూడా అంతే. మీ బ్రాడీపేటలో లైన్లూ అడ్డరోడ్లూ గీత గీసినట్టు ఉంటాయి కదా, రెండో లైన్లో వెళ్ళి నాలుగో లైన్లోంచి ఇంటికి రండి, ఇద్దరూ కలిసి వెళ్తే ఇంకా మంచిది. తిన్న వెంటనే నడిస్తే కండరాలు రక్తంలో షుగర్‌ని లాక్కుంటాయి, పొద్దున గంట నడిచి రోజంతా కూర్చునే దానికన్నా ఇది మీకు బాగా పనిచేస్తుంది. నడుం కొలత కూడా ఓసారి చూస్కోండి, మన మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు దాటకూడదు, ఆడవాళ్ళకి 80. మూడు నెలలు ఇలా చేసి మళ్ళీ హెచ్‌బీఏ1సీ చేయించుకుని డాక్టర్ గారికి చూపించండి.

ప్రశ్న: అక్కా నమస్తే, మాది విజయవాడ సత్యనారాయణపురం. నాకు 38. పొద్దున ఐదింటికి లేస్తే రాత్రి పదకొండు దాకా పనే, ఊడవడం తుడవడం వంట, పిల్లల క్యారేజీలు, అత్తయ్య గారికి మందులు. అయినా పెళ్ళయ్యాక పద్నాలుగు కిలోలు పెరిగాను, మోకాళ్ళు నొప్పి, మెట్లెక్కితే ఆయాసం. డాక్టరమ్మ వాకింగ్ చెయ్యమంది. ఇంత చాకిరీ చేశాక ఇంకా వాకింగ్ ఎందుకక్కా? అసలు నేను తినేదే తక్కువ, ఎందుకు లావవుతున్నా?

జవాబు: చెల్లెమ్మా, నీ ఉత్తరం నేను చాలాసేపు చేతిలో పట్టుకునే ఉన్నా, ఎందుకంటే ఇలాంటివి చాలా వస్తాయి, అన్నిట్లోనూ ఇదే మాట, నేను తినేదే తక్కువ అని. నువ్వు అబద్ధం చెప్పట్లేదు. కానీ ఏం తింటున్నావో, ఎప్పుడు తింటున్నావో ఒక రోజు కాగితం మీద రాసి చూడు. పొద్దున అందరికీ టిఫిన్లు పెట్టి నువ్వు రెండు టీలతో సరిపెడతావు. పదకొండింటికి పిల్లలు వదిలేసిన ఇడ్లీ ముక్కో, రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసుకునో తినేస్తావు. భోజనం రెండున్నర, మూడింటికి, అప్పటికి గిన్నెలో కూర అడుగున రెండు ముక్కలుంటాయి, గుడ్డు కూరైతే పులుసే మిగుల్తుంది, గుడ్లు అయిపోతాయి. దాంతో కడుపు నింపాలంటే అన్నమే ఎక్కువ పెట్టుకోవాలి, ఊరగాయ వేసుకోవాలి. సాయంత్రం మళ్ళీ టీ, రెండు బిస్కెట్లు. అంటే రోజంతా కలిపి నీ ఒంట్లోకి వెళ్ళింది అన్నం, పంచదార, నూనె, కూరా పప్పూ గుడ్డూ పెరుగూ చాలా తక్కువ. బరువు పెరగడం, అదే టైంలో నీరసం ఆయాసం, రెండూ ఇక్కడ్నుంచే రావచ్చు.

అందుకని వాకింగ్ కన్నా ముందు నేను నిన్ను అడిగేది ఒకటి. నీ భోజనం నువ్వు ముందే తీసి పెట్టుకో. క్యారేజీలు కట్టేటప్పుడే ఇంకో క్యారేజీ నీది కూడా కట్టు, అందులో కూర నిండుగా, పప్పు, గుడ్డు తింటే ఒక గుడ్డు, ఒంటిగంటన్నరకి కూర్చుని తినేయ్. మిగిలింది పారెయ్యలేక తినేయడం మన ఇళ్ళలో ఆడవాళ్ళకి అలవాటైపోయింది, అన్నం పరబ్రహ్మ స్వరూపమే, కాదనట్లేదు, కానీ రేపట్నుంచి గ్లాసు తక్కువ బియ్యం పొయ్యి, మిగలకుండా చూసుకో. మీ ఆయన గారికీ అత్తయ్య గారికీ కూడా ఈ ముక్క చదివి వినిపించు.

ఆయాసం ఉందన్నావు కాబట్టి ఒకసారి హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకో. 2019-21లో దేశమంతా చేసిన కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది, అంటే సగం మంది పైనే. తోటకూర, గోంగూర, మునగాకు, పప్పులు తింటూ వాటి మీద నిమ్మకాయ పిండుకో, పుల్లటిది తోడైతే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ మాత్రం తాగొద్దు, అది ఇనుమును పట్టనివ్వదు, గంటన్నా ఆగు.

ఇప్పుడు వాకింగ్. ఇంటి పని ఒంటికి పనే, నేను దాన్ని తీసెయ్యను, ఊడవడం తుడవడం బట్టలు ఆరెయ్యడం అన్నీ లెక్కలోకొస్తాయి. కానీ ఇంటి పనిలో ఎక్కువ సేపు నిలబడి ఉంటాం, ఒకే చోట అటూ ఇటూ తిరుగుతాం, గుండె వేగం పెరిగేంత ఆగకుండా కదలడం తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 150 నిమిషాలైనా కాస్త ఊపుగా కదలమంటోంది, అంటే వారానికి ఐదు రోజులు అరగంట. ఒకేసారి అరగంట దొరక్కపోతే పది నిమిషాల చొప్పున మూడుసార్లు చెయ్యి, అదీ లెక్కే. నడుస్తూ మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత వేగం ఉండాలి, అదే గుర్తు. పిల్లల్ని స్కూలు ఆటో ఎక్కించి అట్నుంచి అటే ఓ పది నిమిషాలు, సాయంత్రం కూరలకి బండి మీద కాకుండా నడిచి, రాత్రి డాబా మీద పది నిమిషాలు. వీధిలో ఒక్కదాన్నే నడవాలంటే మొహమాటం అంటావేమో, పక్కింటావిడని పిలువు, ఆవిడ కూడా ఎవరైనా పిలుస్తారేమో అనే చూస్తూ ఉంటుంది.

మోకాళ్ళకి ఒకటి చెప్తా. కుర్చీలో నిటారుగా కూర్చుని ఒక కాలు ముందుకి చాపి, తొడ కండరం బిగించి ఐదు అంకెలు లెక్కపెట్టి దించు, తర్వాత రెండో కాలు, ఒక్కో కాలికి పదిసార్లు. కూరగాయలు తరిగేటప్పుడు, టీవీ చూసేటప్పుడు కూడా చెయ్యొచ్చు. తొడ కండరం గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. వాపు ఉంటే, కాలు ముడుచుకోలేకపోతే మాత్రం ఎముకల డాక్టర్‌కి చూపించుకో.

ప్రశ్న: మా అత్తగారికి 64, గుంటూరు కొరిటెపాడులో ఉంటాం. బీపీ మాత్ర వేసుకుంటున్నా 150, 160 ఉంటోంది. ఉప్పు తగ్గించమంటే కూరల్లో తగ్గించాం, కానీ రెండు పూటలా ఆవకాయ లేనిదే ముద్ద దిగదు ఆవిడకి. కారం వల్లే బీపీ అని మా బంధువులు అంటున్నారు, సైంధవ లవణం వాడితే ఏం కాదని ఇంకొకళ్ళు. ఏది నిజం?

జవాబు: కారానికీ బీపీకీ ముడిపెట్టక్కర్లేదమ్మా. గుంటూరు కారం మిమ్మల్నేం చెయ్యదు, దాని పక్కనున్న ఉప్పే చేస్తుంది. ఆవకాయ పట్టేటప్పుడు చూశారుగా, కారం, ఆవపిండి, ఉప్పు, మూడూ దాదాపు గిద్దెకి గిద్దె పోస్తాం. ఒక చెంచాడు ఊరగాయలో గ్రాముకి పైనే ఉప్పు వెళ్తుంది. రోజు మొత్తానికి మనిషికి 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచాడు దాటొద్దని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లోనూ ఉంది. రెండు పూటలా రెండేసి చెంచాల ఊరగాయ, మజ్జిగలో ఉప్పు, అప్పడం, చల్ల మిరపకాయలు, ఇవన్నీ కలిస్తే కూరలో ఎంత తగ్గించినా లాభం ఏముంటుంది?

ఆవకాయ పూర్తిగా ఆపేయమని నేను అనను, ఆవిడ వయసులో నోటికి రుచిగా తినేది అదొక్కటే అయ్యుండొచ్చు, అది లాగేసుకుంటే తిండే మానేస్తారు. ఒక పూటే పెట్టండి, ఒక ముక్క, గుజ్జు తక్కువగా. ఆ పూట పప్పులో ఉప్పు వెయ్యకండి, చప్పటి ముద్దపప్పులో ఆవకాయ కలుపుకుంటే అసలు బాగుండేదే అది కదా, ఉప్పు ఆవకాయలోంచే సరిపోతుంది. రెండో పూట అప్పటికప్పుడు నూరిన రోటి పచ్చడి పెట్టండి, దోసకాయ పచ్చడి, బీరపొట్టు పచ్చడి, టమాటా కొత్తిమీర. నిల్వ ఉండక్కర్లేదు కాబట్టి వీటికి ఉప్పు చాలా తక్కువ పడుతుంది, చింతపండూ పచ్చిమిర్చీ వేస్తే ఆ పులుపులో ఉప్పు తక్కువైన సంగతి నాలుకకి తెలీదు. మజ్జిగలో ఉప్పు మానేసి నిమ్మరసం, అల్లం, కరివేపాకు దంచి వెయ్యండి.

సైంధవ లవణం కూడా ఉప్పే, అందులోనూ సోడియమే ఉంది, పైగా అయోడిన్ కలిపి ఉండదు. సోడియం తక్కువ అని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్ళకీ కొన్ని రకాల బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళకీ అది ప్రమాదం, డాక్టర్‌ని అడక్కుండా కొనొద్దు. మాత్ర వేసుకున్నా 160 ఉంటోందంటే మళ్ళీ డాక్టర్‌కి చూపించాలి, తిండి మార్చాం కదా అని ఆగకండి.

ప్రశ్న: మేడమ్, నేను విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర రూంలో ఉండి ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్నా, 27 ఏళ్ళు, 70 కిలోలు. రోజుకి పది గంటలు కుర్చీలోనే. రాత్రి పదకొండుకి బిర్యానీ ఆర్డర్ పెట్టుకోవడం అలవాటైపోయింది. జిమ్‌లో చేరితే ప్రొటీన్ పౌడర్ కొనమంటున్నారు, తీసుకోవాలా?

జవాబు: అక్కర్లేదు తమ్ముడూ. నీ బరువుకి రోజుకి ఓ 58 గ్రాముల ప్రొటీన్ చాలు, కిలోకి 0.83 గ్రాముల లెక్కన. రెండు గుడ్లకి 12 గ్రాములు, పూటకో కప్పు గట్టి పప్పు రెండు పూటలా కలిపితే 14, పెద్ద గ్లాసు పాలకి 7, గుప్పెడు పల్లీలకి 7, వంద గ్రాముల చికెన్‌కి 25 దాకా. చికెన్ లేని రోజు పెరుగూ శనగలూ పెంచుకో, అన్నంలో కూడా కాస్త ప్రొటీన్ ఉంటుంది. పౌడర్ డబ్బాకి పెట్టే డబ్బుతో నెలంతా గుడ్లూ పాలూ పళ్ళూ వస్తాయి. కండలు పెంచడానికి ప్రొటీన్ సప్లిమెంట్లు వాడొద్దని జాతీయ పోషకాహార సంస్థ కూడా చెప్పింది.

నీకు అసలు కావాల్సింది పెందలాడే తినడం. పదకొండింటికి బిర్యానీ తిని పన్నెండింటికి పడుకుంటే నిద్ర పాడు, పొద్దున ఆకలుండదు, టిఫిన్ ఎగ్గొడతావు, మళ్ళీ రాత్రికి అదే ఆకలి. ఎనిమిదిన్నరకి తినెయ్. రూంలో కుక్కర్ ఒకటుంటే చాలు, పెసరపప్పు, బియ్యం, టమాటా, ఏవో రెండు కూరగాయలు పడేసి మూడు విజిల్స్ వచ్చాక దింపుకుని పైన గుడ్డు ఉడకేసుకో, అరగంట పని కూడా కాదు. బిర్యానీ ఆదివారం మధ్యాహ్నం స్నేహితులతో కూర్చుని తిను, అప్పుడు రైతాతో పాటు ఉల్లిపాయలూ కీరా ఎక్కువ పెట్టించుకో. కూల్ డ్రింక్ మాత్రం వద్దు, 300 మిల్లీలీటర్ల సీసాలో 30 గ్రాముల దాకా పంచదార ఉంటుంది, ఏడు చెంచాలు.

ముప్పావుగంటకోసారి లేచి నిలబడు, ఫోన్ కాల్ వస్తే నడుస్తూ మాట్లాడు. జిమ్‌లో చేరితే మంచిదే, చేరకపోయినా గుంజీళ్ళు, గోడకి చేతులానించి దండాలు, సూర్య నమస్కారాలు వారంలో రెండు రోజులైనా చెయ్యి, కండరాలకి పని చెప్పడం అంతే అవసరం. సాయంత్రం కాలవ గట్టు మీద గాలి బాగుంటుంది, అలా ఓసారి వెళ్ళి రా.

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్ళు, కూర పెడితే తీసి పక్కన పెట్టేస్తాడు, ఫోన్ చూపిస్తేనే తింటాడు. ఏం చెయ్యాలి? (లక్ష్మీపురం, గుంటూరు)

జవాబు: ఫోన్ ముందు తియ్యండమ్మా, రెండు మూడు రోజులు గొడవ చేస్తాడు, తట్టుకోండి. ఫోన్ చూస్తూ తినే పిల్లాడికి కడుపు నిండిందీ తెలీదు, ఏం తిన్నాడో తెలీదు. ఇంట్లో అందరూ ఒకే టైంకి కూర్చోండి, వాళ్ళ నాన్న కూడా కూర తియ్యకుండా తింటేనే వీడు తింటాడు. రైతుబజారుకి వాణ్ణి కూడా తీసుకెళ్ళి ఏ కూర కొనాలో వాణ్ణే ఎంచుకోనివ్వండి, చిక్కుళ్ళు ఈనెలు తీయించండి, తన చేత్తో చేసింది పిల్లలు రుచి చూస్తారు. బలవంతంగా కుక్కొద్దు, ఒక కూర పది పదిహేనుసార్లు కంచంలో కనిపిస్తే గానీ అలవాటు పడని పిల్లలున్నారు. సాయంత్రం గంటసేపు ఒళ్ళు తడిసేలా ఆడుకుంటే ఆకలి అదే వస్తుంది, ట్యూషన్ ఆ టైంకి పెట్టకండి.

ప్రశ్న: పొద్దున్నే వేణ్ణీళ్ళలో తేనె, నిమ్మరసం తాగితే కొవ్వు కరుగుతుందా?

జవాబు: కరగదండీ. నీళ్ళు మంచివే, తేనె మాత్రం పంచదార లాంటిదే. షుగర్ ఉన్నవాళ్ళు అసలు వేసుకోవద్దు.

ప్రశ్న: మామిడిపళ్ళ సీజన్‌లో షుగర్ ఉన్నవాళ్ళు రసాలు తినొచ్చా?

జవాబు: షుగర్ అదుపులో ఉంటే అప్పుడప్పుడూ తినొచ్చు, కానీ రోజుకి సగం పండు, అదీ ముక్కగా. జ్యూస్ చేసుకుని తాగడం వద్దు. మన నూజివీడు రసం పిండుకుంటే రెండు పళ్ళు ఎలా దిగిపోయాయో కూడా తెలీదు, అందుకే నేను రసాల కన్నా బంగినపల్లి ముక్కలు తినమంటా. అన్నం తిన్న వెంటనే, పెరుగన్నంలో కలుపుకుని తినొద్దు, సాయంత్రం నాలుగింటికి విడిగా తినండి, ఆ రోజు అన్నం ఇంకాస్త తగ్గించుకోండి. తిన్న రెండు గంటలకి మీటర్‌తో చూసుకుంటే మీ ఒంటికి ఎంత పడుతుందో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: అమ్మా, నేను రిటైర్డ్ టీచర్ని, 68 ఏళ్ళు, భవానీపురం. పదిహేనేళ్ళుగా షుగర్, పొద్దున మాత్ర వేసుకుని ఐదింటికల్లా నడకకి బయల్దేరతాను. ఈమధ్య రెండుసార్లు దారిలో చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్ళు తిరిగాయి. నడక మానెయ్యమని మా అబ్బాయి గొడవ. మానెయ్యాలా?

జవాబు: మాస్టారూ, నమస్కారం. నడక మానొద్దు, కానీ రేపు పొద్దున మాత్రం పరగడుపున వెళ్ళొద్దు. చెమట, వణుకు, కళ్ళు తిరగడం, ఇవి షుగర్ పడిపోయినప్పుడు కనిపించే లక్షణాలు. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వేసుకున్నా, ఇన్సులిన్ తీసుకున్నా, ఏమీ తినకుండా నడిస్తే ఇలా అవుతుంది. గుండెకి సంబంధించి కూడా ఇలాగే రావచ్చు, అందుకే ఈ వారంలోనే డాక్టర్ గారిని కలిసి ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో మళ్ళీ అడగండి, ఈసీజీ అవసరమేమో కూడా కనుక్కోండి. ఛాతీలో నొప్పి, ఎడమ చెయ్యి లాగడం ఉంటే వారం ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

మాత్ర, నడక, టిఫిన్ ఈ మూడిట్లో ఏది ముందో డాక్టర్ గారు చెప్పేదాకా నడకని సాయంత్రానికి మార్చుకోండి, లేదా పొద్దున టిఫిన్ చేసిన అరగంటకి ఇంటి దగ్గర్లోనే నెమ్మదిగా నడవండి. జేబులో గ్లూకోజ్ పొడో నాలుగు చెంచాల పంచదార పొట్లమో ఎప్పుడూ ఉండాలి. వణుకు మొదలవ్వగానే ఎక్కడున్నా కూర్చుని అది నోట్లో వేసుకుని నీళ్ళు తాగండి, ఇంటికెళ్ళి తిందాంలే అనుకోవద్దు. పావుగంటకి తగ్గకపోతే మళ్ళీ వేసుకోండి. తగ్గాక ఇడ్లీయో బిస్కెట్లో ఏదో ఒకటి తినాలి. షుగర్ ఉందనీ, వాడే మందుల పేర్లూ, అబ్బాయి ఫోన్ నంబరూ రాసిన చీటీ కూడా జేబులో పెట్టుకోండి.

షుగర్ పదిహేనేళ్ళ నాటిది కాబట్టి పాదాల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు, చెప్పులతో నడవకండి, మేజోళ్ళు, మెత్తటి బూట్లు వేసుకోండి, ఇంటికొచ్చాక రోజూ అరికాళ్ళు చూసుకోండి, వంగలేకపోతే అద్దం కింద పెట్టుకుని చూడండి. మన బెజవాడ ఎండలు మీకు చెప్పక్కర్లేదు, ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడు దాటాక, సాయంత్రం ఆరు లోపు బయట నడక వద్దు, ఆ రోజుల్లో వరండాలోనే తిరగండి. నడకతో పాటు ఇంకోటి, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి మళ్ళీ కూర్చోవడం, పదిసార్లు, రోజుకి రెండు విడతలు. పడిపోకుండా కాపాడేది కాళ్ళ బలమే కాబట్టి ఇది మీ వయసులో నడక అంత ముఖ్యం. కుర్చీ గోడకి ఆనించి పెట్టుకోండి, జరక్కుండా ఉంటుంది, మొదట్లో అబ్బాయిని పక్కన నిలబడమనండి.